ఫోర్సైత్ కౌంటీకి ఒక కైఫియత్తు రాద్దాం

జార్జియా రాష్ట్రం ఫోర్సైత్ కౌంటీలోని తెలుగు సంఘాల పెద్దలకు, ఆదివారం తెలుగు బడుల గురువులకు, పిల్లల తల్లిదండ్రులకు

నమస్కారం.

కైఫియత్తు అంటే ఒక ఊరి పూర్వ చరిత్రను ఉన్నదున్నట్టు రాసిపెట్టిన పాతకాలపు రికార్డు. మనం ఉంటున్న ఈ కౌంటీకి అలాంటిదొకటి తెలుగులో రాద్దామని అడగడానికే ఈ ఉత్తరం. ఉగాది వేడుకలో వేదిక మీద ఒక పెద్దాయన అన్న మాటతో మొదలుపెడుతున్నాను. "మనం వచ్చేనాటికి ఇక్కడ ఏముంది? అడవి. అడవిలో అక్కడక్కడ కోళ్ల ఫారాలు. ఇవాళ చూడండి" అన్నారు. హాలంతా చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. ఆయనను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. కొత్తగా వచ్చిన బంధువులను కారులో తిప్పుతూ, కొత్త బడులూ కొత్త ఇళ్లూ చూపిస్తూ మనలో ఎంతమందిమి ఆ మాట అనలేదు? నేను చాలాసార్లు అన్నాను.

ఆ వారంలోనే ఇంటి కాగితాల ఫైలు తీయాల్సి వచ్చింది. మేము ఇల్లు మారింది కిందటేడు. సొంత ఇంట్లో ఉండేవాళ్లకు ఇచ్చే హోమ్‌స్టెడ్ పన్ను మినహాయింపుకు ఏప్రిల్ 1 లోపు దరఖాస్తు పెట్టుకోవాలి. రిజిస్ట్రేషన్ రోజున లాయరు ఆఫీసులో పేజీ తరవాత పేజీ సంతకాలు పెట్టుకుంటూ పోయిన దస్తావేజును మొదటిసారి తీరికగా చదివాను. ఆస్తి వివరం రాసిన చోట కన్ను ఆగింది. సబ్‌డివిజన్ పేరుకూ ప్లాటు నంబరుకూ ముందు ఒక వరస ఉంది: ఫోర్సైత్ కౌంటీ, ఫస్ట్ సెక్షన్, సెకండ్ డిస్ట్రిక్ట్, ఫలానా నంబరు ల్యాండ్ లాట్. మా తాతగారు కరణీకం చేసినవారు. అడంగల్ ముందు వేసుకుని ఏ సర్వే నంబరు ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి ఎలా వచ్చిందో చెబుతుంటే చిన్నప్పుడు పక్కన కూర్చుని విన్నవాణ్ణి. అందుకే కాబోలు, ఆ నంబరును దాటి ముందుకు పోలేకపోయాను. అది ఎవరు వేసిన నంబరు? ఎప్పుడు వేశారు?

మీ ఇంట్లో కూడా ఆ కాగితం ఉంటుంది. ఒకసారి తీసి చూడండి. ఆ లాట్ లాటరీలో పంచడానికి కొలిచి నంబరు వేసినది. నేను ఊరికే పోలిక చెప్పడం లేదు, నిజంగానే చీటీలు తీసిన లాటరీ అది.

ఇక్కడికి ఉత్తరాన డలానిగా చుట్టుపక్కల 1828, 1829 ప్రాంతాల్లో బంగారం బయటపడింది. ఆ నేలంతా చెరోకీలు అనే మూలవాసులది. వాళ్లకు ఊళ్లున్నాయి, మొక్కజొన్న చేలున్నాయి, పీచ్ పండ్ల తోటలున్నాయి, రాసుకున్న రాజ్యాంగం ఉంది, సుప్రీంకోర్టు ఉంది, సొంత లిపిలో పత్రిక ఉంది. జార్జియా ప్రభుత్వం మాత్రం ఆ నేల మీద తన చట్టమే చెల్లుతుందని శాసనం చేసి, సర్వేయర్లను పంపింది. గొలుసు పట్టుకుని కొలిచారు. చెరోకీ దేశం మొత్తాన్ని నాలుగు సెక్షన్లుగా, సెక్షన్లను డిస్ట్రిక్టులుగా, వాటిని లాట్లుగా కోశారు. మామూలు భూమి అయితే లాటుకు 160 ఎకరాలు. బంగారం ఉంటుందనుకున్న చోట 40 ఎకరాలు, అంటే ఇటు ఇరవై గొలుసులు, అటు ఇరవై గొలుసుల చదరం. మన ఇళ్ల కింద ఉన్నవి ఎక్కువగా ఆ నలభై ఎకరాల బంగారు లాట్లే. అప్పటి రాజధాని మిలెడ్జ్‌విల్‌లో ఒక డ్రమ్ములో పేర్ల చీటీలు, ఇంకో డ్రమ్ములో లాట్ల చీటీలు వేసి తీశారు. సుమారు 35,000 బంగారు లాట్ల కోసం పేరు ఇచ్చుకున్నవారు దాదాపు 1,33,000 మంది.

తేదీల వరస చూడండి. జార్జియా చట్టాలు చెరోకీ నేల మీద చెల్లవని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది 1832 మార్చిలో. లాటరీ తీయడం మొదలైంది అదే ఏడాది అక్టోబరులో. ఫోర్సైత్ కౌంటీ ఏర్పడింది 1832 డిసెంబరు 3న. చెరోకీలలో ఒక చిన్న వర్గం చేత, వాళ్ల ప్రభుత్వానికి సంబంధం లేకుండా, చెరోకీల రాజధానిగా ఉన్న న్యూ ఎకోటాలో ఒప్పందం మీద సంతకాలు పెట్టించింది 1835 డిసెంబరులో. సైన్యం ఇంటింటికీ వెళ్లి మనుషులను పట్టి శిబిరాలకు తోలింది 1838 మే నెలాఖరు నుంచి. అంటే లాట్లు పంచిన తరవాత, కౌంటీకి పేరు పెట్టిన తరవాత, ఐదేళ్లు దాటేదాకా అసలు సొంతదారులు ఇక్కడే ఉన్నారు. ఇంట్లోవాళ్లు పొయ్యి మీద వంట చేసుకుంటూ ఉండగానే ఆ ఇంటిని బయట చీటీలు వేసి పంచుకున్నారు. పడమరకు తరలించిన సుమారు 16,000 మందిలో దాదాపు 4,000 మంది దారిలోనో, శిబిరాల్లోనో చనిపోయారని చరిత్రకారుల అంచనా. చలికి, విరేచనాలకు, ఆకలికి చనిపోయారు. చనిపోయినవాళ్లలో పిల్లలూ ముసలివాళ్లూ ఎక్కువ.

మనం శాసనాల జాతి వాళ్లం. కడప జిల్లా ఎర్రగుడిపాడు శాసనం గురించి, మన భాష ప్రాచీనత గురించి ప్రతి సభలోనూ గర్వంగా చెప్పుకుంటాం. ఆ దానశాసనాల చివర తరచు కనిపించే శ్లోకం మీలో చాలామందికి తెలుసు. "స్వదత్తాం పరదత్తాం వా యో హరేత వసుంధరాం, షష్టిర్వర్ష సహస్రాణి విష్ఠాయాం జాయతే క్రిమిః". తానిచ్చిన భూమిని గానీ, పరులిచ్చిన భూమిని గానీ హరించినవాడు అరవై వేల ఏళ్లు పురుగై పుడతాడని. భూమి ఎవరిదో రాతి మీద రాయకపోతే, రాసినదాన్ని చదివేవాడు లేకపోతే, బలవంతుడిదే అవుతుందని మన పూర్వులకు తెలుసు కాబట్టే అంత కఠినంగా రాశారు.

ఇక్కడ కూడా రాతలున్నాయి. రాతికి బదులు స్తంభం మీద బిగించిన లోహపు పలకలు. జార్జియా హిస్టారికల్ కమిషన్ అని 1951లో ఒక సంస్థ ఏర్పడింది. దాని పలకలు రాష్ట్రమంతటా రోడ్ల పక్కన, కోర్టుల ముందర ఉన్నాయి. 1998 నుంచి ఆ పని జార్జియా హిస్టారికల్ సొసైటీ చూస్తోంది. మనం గంటకు నలభై అయిదు మైళ్ల వేగంతో వాటిని దాటిపోతుంటాం. ఆగి చదివితే కౌంటీ ఎప్పుడు ఏర్పడిందో, ఎవరి పేరు పెట్టారో, పాత ఫెడరల్ రోడ్డు ఎటు పోయిందో తెలుస్తుంది.

ఆ ఫెడరల్ రోడ్డు దగ్గర కొంచెం ఆగుతాను. 1805లో చెరోకీలతో చేసుకున్న ఒప్పందం ప్రకారం వాళ్ల దేశం మధ్యలోంచి వేసిన బాట అది. చట్టహూచీ నది దాటే చోట జేమ్స్ వ్యాన్ అనే చెరోకీ నాయకుడి రేవు, ఒక సత్రం ఉండేవి. వ్యాన్ చాలా ధనవంతుడు. ఆయన కింద సుమారు వందమంది నల్లజాతి బానిసలు ఉండేవారన్నది కూడా దాచకూడని నిజం. 1809లో ఆయనను ఈ ప్రాంతంలోని ఒక సత్రంలోనే ఎవరో కాల్చి చంపారు. ఆ రేవు ఇప్పుడు లేక్ లేనియర్ నీళ్ల కింద ఉంది. 1950లలో బ్యూఫోర్డ్ ఆనకట్ట కట్టేటప్పుడు వ్యాన్ సత్రాన్ని మాత్రం విప్పి, న్యూ ఎకోటాకు తీసుకుపోయి మళ్లీ నిలబెట్టారు.

కిందటి శీతాకాలం మా కుటుంబం ఆ సత్రం చూడటానికి వెళ్లింది. దుంగలతో కట్టిన రెండంతస్తుల ఇల్లు. ఒక దుంగ మీద చెయ్యి పెట్టాను. గొడ్డలి వాత పడిన గాట్లు చేతికి తగిలాయి. ఆ క్షణంలో నాకు గుర్తొచ్చింది మన అలంపురం. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునగబోయిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి తెచ్చి అలంపురంలో తిరిగి కట్టిన సంగతి మీకు తెలుసు. నాగార్జునకొండ లోయను ముంపుకు ముందు తవ్వి, దొరికినవాటిని కొండ మీదికి చేర్చిన సంగతీ తెలుసు. ఆ లోయలో ఊళ్లు కోల్పోయినవాళ్ల మనుమలు మన మధ్యే ఉన్నారు, ఇక్కడే, ఈ కౌంటీలోనే. వాళ్లలో ఒకరితో మాట్లాడాను. లేక్ లేనియర్ మీద పడవ ఎక్కినప్పుడు ఆయన కాసేపు మాట్లాడరట. ఎందుకో తనకే తెలియదన్నారు.

న్యూ ఎకోటాలో ఇంకొకటి చూశాం. సెక్వోయా అనే చెరోకీ మనిషి 1821 నాటికి తన భాషకు ఒక్కడే కూర్చుని లిపి తయారుచేశాడు. ఇంగ్లీషు చదవడం కూడా రానివాడు. అతని అక్షరాలు 85. ఒక్కో అక్షరం ఒక్కో పలుకు. పట్టికలో గ, గె, గి, గొ, గు అని వరసగా ఉంటాయి. మా అమ్మాయి ఆ పట్టిక ముందు నిలబడి వేలుతో చూపిస్తూ గుణింతం చదివినట్టు చదివేసింది. తెలుగు బడిలో మూడేళ్లుగా నేర్చుకుంటున్న పిల్లకు ఆ పట్టిక ఎలా పనిచేస్తుందో ఎవరూ వివరించనక్కర లేకపోయింది. ఆ లిపిలో 1828 ఫిబ్రవరి 21న చెరోకీ ఫీనిక్స్ పత్రిక మొదలైంది. గురువులారా, పిల్లలను అక్కడికి తీసుకువెళ్లండి. మన అక్షరాల మీద మమకారం పెంచడానికి అంతకంటే మంచి చోటు ఈ రాష్ట్రంలో నాకు కనబడలేదు.

సానీ కొండ మీదికి మనం ప్రతి వారాంతం పిల్లలతో ఎక్కుతాం. పైన రాతి ఆసనాల దగ్గర ఫోటోలు దిగుతాం. నెలనెలా కరెంటు బిల్లు మీద సానీ పేరు చూస్తాం. సానీ ఇక్కడ బతికిన ఒక చెరోకీ మనిషి. ఇక్కడి హైటవర్ అన్న చోటి పేరు విని అక్కడేదో ఎత్తయిన బురుజు ఉండేదనుకున్నాను చాలాకాలం. అది ఎటోవా అన్న చెరోకీల ఊరి పేరుకు తెల్లవాళ్ల నోట్లో పడిన తిప్పలు, మన రాజమహేంద్రవరం రాజమండ్రి అయినట్టే. మనుషులను పంపేశారు, పేర్లు మాత్రం ఉండిపోయాయి.

ఇంక రెండో సంగతి. ఇది రాయడం కష్టంగా ఉంది.

1910 జనాభా లెక్కల ప్రకారం ఈ కౌంటీలో 1,098 మంది నల్లజాతి వాళ్లు ఉండేవారు. కౌలు రైతులు, కూలీలు, సొంత భూములున్న రైతులు, పాస్టర్లు, వాళ్ల చర్చిలు. 1912 సెప్టెంబరులో ఆస్కార్‌విల్ దగ్గర మే క్రో అనే పద్దెనిమిదేళ్ల తెల్ల అమ్మాయి మీద ఘోరమైన దాడి జరిగింది. రెండు వారాలకు ఆమె చనిపోయింది. అనుమానం మీద కొందరు నల్లజాతి యువకులను అరెస్టు చేశారు. సెప్టెంబరు 10న కౌంటీ ముఖ్యపట్టణం కమ్మింగ్‌లో జైలు మీదికి మూక వెళ్లి, రాబ్ ఎడ్వర్డ్స్ అనే ఇరవై నాలుగేళ్ల మనిషిని బయటికి ఈడ్చి చంపి, ఊరి నడిబొడ్డున టెలిఫోన్ స్తంభానికి వేలాడదీసింది. విచారణ లేదు, సాక్ష్యం లేదు. అక్టోబరు 25న ఎర్నెస్ట్ నాక్స్ అనే పదహారేళ్ల కుర్రవాణ్ణి, ఆస్కార్ డేనియల్ అనే మరో కుర్రవాణ్ణి, ఒక్కొక్క రోజు విచారణతో శిక్ష వేసి ఉరితీశారు. ఉరి జనానికి కనబడకూడదని కట్టిన కంచెను ముందు రాత్రే తగలబెట్టారు. వేలమంది పిల్లాపాపలతో వచ్చి చూశారు.

ఆ నెలల్లోనే రాత్రిపూట గుర్రాల మీద మనుషులు నల్లజాతి వాళ్ల ఇళ్లకు వెళ్లారు. తుపాకులు పేల్చారు, చర్చిలు కాల్చారు, గడువు పెట్టి వెళ్లిపొమ్మన్నారు. 1920 లెక్కల్లో మిగిలినవాళ్లు 30 మంది. భూములున్నవాళ్లలో కొందరు వచ్చిన ధరకు అమ్ముకున్నారు. కొందరు అమ్ముకునే వ్యవధి లేక వదిలేసి పోయారు. పొరుగువాడు ఆ పొలం దున్నుకుని, పన్ను కట్టుకుని, కొన్నేళ్లకు తన పేరున రాయించుకున్నాడు. కరణం గారి మనుమడిగా చెబుతున్నాను, కాగితం మీద అది ఎంత శుభ్రంగా కనిపిస్తుందో నాకు తెలుసు. రికార్డులో ఎక్కడా నెత్తురు మరక ఉండదు.

ఆ తరవాత డెబ్బై అయిదేళ్లు ఈ కౌంటీ దాదాపు పూర్తిగా తెల్లవాళ్లదే. 1987 జనవరి 17న శాంతి యాత్ర చేద్దామని వచ్చిన వందమంది కూడా లేని చిన్న బృందం మీద రాళ్లూ సీసాలూ పడ్డాయి. వారం తరవాత, జనవరి 24న, సుమారు 20,000 మంది వచ్చి కమ్మింగ్ వీధుల్లో నడిచారు. వాళ్లకు కాపలాగా నేషనల్ గార్డ్ సైనికులు నిలబడ్డారు. ఇది పురాణం కాదు. మన పక్కింటి పెద్దవయసు దంపతులు ఆ రోజు ఈ ఊళ్లో ఉండి ఉంటారు. మనలో కొందరు ఆ సంవత్సరం హైదరాబాదులోనో, విజయవాడలోనో ఇంజనీరింగ్ చదువుకుంటున్నారు.

పెద్దలారా, ఒక్కసారి ఆలోచించండి. ఆ యాత్ర జరగకపోయి ఉంటే, అంతకుముందు పౌరహక్కుల చట్టాల కోసం నల్లజాతి వాళ్లు దెబ్బలు తినకపోయి ఉంటే, 1965లో వలస చట్టం మారకపోయి ఉంటే, మన రంగు మనుషులు ఈ కౌంటీలో రాత్రి నిద్రపోగలిగేవారా? 1990లో ఈ కౌంటీ జనాభా 44,083. 2020లో 2,51,283. అందులో ఆసియా వాళ్లం దాదాపు అయిదోవంతుకు దగ్గరగా ఉన్నాం, ఎక్కువమందిమి భారతీయులం, భారతీయుల్లో మనం ఎక్కడ చూసినా కనబడతాం. నల్లజాతి వాళ్లు ఇప్పటికీ నూటికి నలుగురు. తరిమేసిన ఇంటివాళ్లు తిరిగి రాలేదు. ఆ తలుపు తెరుచుకున్నప్పుడు లోపలికి వచ్చింది ఎక్కువగా మనం. దీన్ని నేరంగా చెప్పడం లేదు. మనం ఎవరినీ వెళ్లగొట్టలేదు, కష్టపడి కొనుక్కున్నాం. కానీ ఎవరి త్యాగం వల్ల మనకు చోటు దొరికిందో వాళ్లను తలచుకోకుండా "ఇక్కడ ఏముంది, అడవే కదా" అనడం మన నోట రావలసిన మాట కాదు.

అడవి అన్న మాట వచ్చినప్పుడల్లా నాకు ఖాండవవనం గుర్తొస్తుంది. ఇంద్రప్రస్థం వైభవం పక్కనే అగ్నిహోత్రుడికి ఆహుతైన ఆ అడవి కథను భారతం దాచలేదు. అందులో తక్షకుడి వాళ్లున్నారు, పక్షులున్నాయి, తల్లీ పిల్లలున్నారు. ఆ పగ పరీక్షిత్తు దాకా, సర్పయాగం దాకా వచ్చింది. ఇంత నెత్తురు పిల్లలకు ఎందుకు చెప్పాలి అని కొందరు తల్లులు నన్ను అడిగారు. అమ్మా, మనం పిల్లలకు లక్క ఇల్లు చెబుతాం, ద్రౌపది వస్త్రాపహరణం చెబుతాం, అభిమన్యుణ్ణి చుట్టుముట్టి చంపడం చెబుతాం. వాళ్లు తట్టుకుంటారు. చెప్పకుండా దాచిన సంగతి బడిలో ఇంకొకరి నోట, ఇంకో రకంగా విన్నప్పుడే వాళ్లు నలిగిపోతారు.

2021లో, ఎంతో ఆలస్యంగా, కమ్మింగ్ ఊరి మధ్యలో రాబ్ ఎడ్వర్డ్స్ పేరుతో ఒక ఫలకం నిలబెట్టారు. స్థానికులు కొందరు కలిసి, అలబామాలోని మాంట్‌గమరీ కేంద్రంగా పనిచేసే ఈక్వల్ జస్టిస్ ఇనిషియేటివ్‌తో చేతులు కలిపి ఆ పని చేశారు. నేను మొదటిసారి ఒక మంగళవారం మధ్యాహ్నం వెళ్లాను. పక్కన రెస్టారెంటులో భోజనాల వేళ. ఫలకం ముందు అయిదు నిమిషాలు నిలబడ్డాను. ఆ అయిదు నిమిషాల్లో పన్నెండుమంది దాటిపోయారు, ఒక్కరూ తలెత్తలేదు. వాళ్లలో ఇద్దరు తెలుగులో మాట్లాడుకుంటున్నారు, పిల్లల కుమాన్ క్లాసుల గురించి. వాళ్లను ఆపి చెప్పాలనిపించింది. గొంతు పెగలలేదు. ఇంటికి వచ్చి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

నేను అడిగేది పెద్ద పని కాదు. రెండు వందల ఏళ్ల కిందట కాలిన్ మెకంజీ మన సీమలో ఊరూరా కైఫియత్తులు రాయించాడు. ఆ పని మోసినవాళ్లు కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు, చెప్పినవాళ్లు ఊరి కరణాలూ పెద్దలూ. ఈ ఊరు ముందు ఎవరిది, అడవి ఎవరు కొట్టారు, చెరువు ఎవరు తవ్వించారు, ఏ దండు ఎప్పుడు వచ్చి దోచుకుంది, ఎవరు లేచిపోయారు, మళ్లీ ఎవరు వచ్చి నిలిచారు అని అందులో ఉంటుంది. ఊరి మంచీ చెడూ రెండూ ఉంటాయి. ఇక్కడ వ్యాన్ సత్రం లేచిన కాలమూ, అక్కడ ఆ కైఫియత్తులు రాసుకున్న కాలమూ ఇంచుమించు ఒకటే. మన పూర్వులు తమ ఊళ్లకు చేసిన పని, మనం వచ్చి ఉంటున్న ఈ ఊరికి మనం చేద్దాం. ఫోర్సైత్ కౌంటీ కైఫియత్తును తెలుగులో రాద్దాం. తెలుగు బడి పెద్ద తరగతి పిల్లలు ఒక్కొక్కరు ఒక్కో ఫలకం దగ్గరికి వెళ్లి, దాని మాటలను తెలుగులోకి తెచ్చి, దాని మీద లేని మాటలను లైబ్రరీలోనూ కోర్టు రికార్డుల్లోనూ వెతికి రాయాలి. మా తాతగారి తరం వాళ్లలా నాలుగు వీధులు తిరిగి, పాత కాపులను అడిగి రాయాలి. ఇక్కడ తరతరాలుగా ఉంటున్న తెల్లవాళ్లలోనూ ఆ కథ చెప్పాలని ఎదురుచూస్తున్నవాళ్లు ఉన్నారు. నాతో ఒక ముసలమ్మ తన నాన్నమ్మ చివరిదాకా ఆ సంవత్సరం గురించి నోరు విప్పలేదని చెప్పి ఏడ్చింది.

సంఘాల పెద్దలను ఇంకొకటి అడుగుతున్నాను. 1912లో తరిమివేతకు గురైన కుటుంబాల వారసుల చదువుకోసం ఇక్కడి చర్చిల పెద్దలు కొందరు కలిసి ఒక స్కాలర్‌షిప్పు నడుపుతున్నారు. మన దసరా, సంక్రాంతి వేడుకల్లో హారతి పళ్లెం తిరుగుతుంది, లక్కీ డ్రా పెడతాం, ఊళ్లో బడికీ గుడికీ చందాలు పోగుచేస్తాం. ఏడాదికి ఒక్క వేడుకలో ఆ స్కాలర్‌షిప్పుకు ఒక పళ్లెం తిప్పండి. చదువు కోసం ఇచ్చే చేతిని వెనక్కు తీసుకోవడం మనవాళ్లకు తెలియని పని. ఈ సంగతి తెలిస్తే ఇస్తారు.

ఫలకం లేని చోట్లు చాలా ఉన్నాయి. కాలిపోయిన చర్చిల స్థలాలు, నల్లజాతి కుటుంబాల సమాధులు ఉన్న పొదలు, చెరోకీలను తోలి ఉంచిన ఫోర్ట్ క్యాంప్‌బెల్. కొత్త ఫలకం కోసం జార్జియా హిస్టారికల్ సొసైటీకి స్థానికులు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ప్రతి మాటకూ మూల ఆధారం జతచేయాలి, ఖర్చులో కొంత భరించాలి. మనలో దస్తావేజులు ఓపికగా చదవగలవాళ్లు ఉన్నారు, పాత పటాలను కొత్త పటాల మీద పరిచి చూపించగల సాఫ్ట్‌వేర్ వాళ్లు ఉన్నారు, లాయర్లున్నారు. చెరోకీల గురించి రాసేది చెరోకీ నేషన్ వాళ్లను అడిగి, నల్లజాతి కుటుంబాల గురించి రాసేది వాళ్ల వారసులను అడిగి రాయాలి. కథ వాళ్లది. మనం మోసే చేతులం.

"పరాయి దేశం గొడవలు మనకెందుకు, వీసాల మీద ఉన్నవాళ్లం" అని నాతో అన్నవాళ్లు ఉన్నారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. కానీ ఊరి కోర్టు ముందు నిలబెట్టిన పలకను పట్టపగలు పిల్లలతో చదవడం గొడవ కాదు. ఇల్లు కొన్నాం, పన్ను కడుతున్నాం, పిల్లలను ఇక్కడే కన్నాం. వాళ్లకు ఇది పరాయి దేశం కాదు. వాళ్లకు ఇది సొంత ఊరు, సొంత ఊరి కథ తెలుసుకునే హక్కు ఉంది.

కైఫియత్తు మొదటి పుట నేను రాశాను, ఈ ఉత్తరంతో జత చేస్తున్నాను. దాని మొదటి వాక్యాలు ఇవి: "కైఫియత్తు కమ్మింగ్ పట్టణం, ఫోర్సైత్ కౌంటీ, జార్జియా రాష్ట్రం. ఈ స్థలం పూర్వం చెరోకీ వారిది. వారు ఉండగానే 1832లో చీటీలు వేసి పంచినారు. 1838లో వారిని వెళ్లగొట్టినారు. తరవాత ఈ నేల దున్నినవారిలో నల్లజాతి వారు ఉండిరి. 1912లో వారినీ వెళ్లగొట్టినారు." రెండో పుట ఖాళీగా ఉంది. తప్పులుంటే దిద్దండి, తెలిసినది చేర్చండి.

సెప్టెంబరు 10 ఉదయం తొమ్మిది గంటలకు నేను, మా అమ్మాయి, తెలుగు బడి నుంచి మరో మూడు కుటుంబాలు కమ్మింగ్‌లో రాబ్ ఎడ్వర్డ్స్ ఫలకం దగ్గర ఉంటాం. పిల్లలు దాన్ని ముందు ఇంగ్లీషులో, తరవాత తెలుగులో పైకి చదువుతారు. పదిహేను నిమిషాల పని. పూలు తెచ్చేవాళ్లు తేవచ్చు. కార్లు పెట్టుకోవడానికి ఊరి మధ్యలో చోటు దొరుకుతుంది.

ఇట్లు,
మీలో ఒకడు, ఫోర్సైత్ కౌంటీ, ఫస్ట్ సెక్షన్, సెకండ్ డిస్ట్రిక్ట్